అద్దె ఫ్లాట్‌లో పర్యావరణానికి మేలు చేసే అలవాట్లు: మా ఇంట్లో నిలిచినవి

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, ఇద్దరు పిల్లలు, అద్దె ఫ్లాట్, చిన్న బాల్కనీ. పెద్ద ఖర్చూ శ్రమా లేకుండా పర్యావరణానికి మేలు చేసేలా ఇంట్లో ఏం చేయొచ్చు అని మీరు అడిగారు. మాదీ దాదాపు ఇదే పరిస్థితి. హైదరాబాద్ కూకట్‌పల్లిలో మూడో అంతస్తు. మేం నలుగురం, మాతో పాటు అత్తయ్యగారు. ఆరేళ్లుగా ఒక్కొక్కటే మొదలుపెట్టాం. కొన్ని మానేశాం, కొన్ని నిలబడ్డాయి. నిలబడినవే చెబుతాను.

మొదట ఒక మాట. దయచేసి దీనికోసం ముందే ఏమీ కొనకండి. నేను మొదటి నెలలోనే వెదురు బ్రష్షులు, స్టీల్ స్ట్రాలు, అందమైన గాజు సీసాలు తెప్పించాను. వాటి వల్ల చెత్తబుట్ట ఒక్క రోజు కూడా తేలికపడలేదు. బుట్టలో నిజంగా ఏముందో ఒక వారం పాటు చూశాక అర్థమైంది, అందులో సగానికి పైగా కూరగాయల తొక్కలు, టీ పొడి, పండ్ల తొక్కలే. కాబట్టి నన్నడిగితే అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

మన ఊరి చెత్త చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. ప్లాస్టిక్‌తో కలిసిపోయిన తడి చెత్త గాలి తగలకుండా గుట్టల కింద కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది, నల్లటి మురుగు నీరు భూమిలోకి దిగుతుంది. ఆ చుట్టుపక్కల జనం ఆ కంపుతోనే బతుకుతున్నారు. నేను ఒకసారి అటుగా వెళ్లాను. ఆ రోజు తర్వాత మా ఇంటి తొక్కలు అక్కడికి పంపడానికి మనసు ఒప్పలేదు.

మేం చేసింది ఇదే. రెండు మట్టికుండలు తెచ్చి, పక్కల చిన్న రంధ్రాలు పెట్టించాం. అడుగున కొబ్బరి పీచు, దాని మీద గుప్పెడు పాత ఎరువు. రోజూ రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు ఆ రోజు తొక్కలు అందులో వేసి, అంత మొత్తంలోనే ఎండుటాకులు పైన పరుస్తాం. ఎండుటాకులకు వెతుక్కోనక్కర్లేదు. మా వాచ్‌మన్ రోజూ పొద్దున్నే ఊడ్చి తగలబెట్టేవాడు, ఆ పొగ మా బాల్కనీలోకే వచ్చేది. ఇప్పుడు మాకోసం గోనెసంచిలో ఎత్తిపెడుతున్నాడు. ఒక కుండ నిండాక మూతపెట్టి, రెండోది మొదలుపెడతాం. నెలన్నర, రెండు నెలలకు మొదటిది నల్లటి ఎరువు అవుతుంది.

మొదటి వానాకాలంలో మాత్రం చాలా ఇబ్బందిపడ్డాం. కంపు, తెల్లటి పురుగులు. ఎదురు ఫ్లాట్ ఆవిడ వచ్చి బాధగానే చెప్పారు. మావారైతే కుండను కిందికి తీసుకెళ్లి పారబోసేద్దామన్నారు. కారణం ఏమిటంటే, పుచ్చకాయ తొక్కలు, మిగిలిన సాంబారు కూడా అందులో వేసేశాను. తడి ఎక్కువైతే లోపల గాలి ఆడదు, అందుకే కంపు. ఒక కర్రతో అంతా కలిపి, ఒక సంచి ఎండుటాకులు వేసి రెండు రోజులు మూత కొంచెం తీసి ఉంచాను. వాసన పోయింది. పురుగులు చెడ్డవి కావు, చెత్తను తినేవే, తడి తగ్గితే అవీ తగ్గుతాయి. చేతిలోకి తీసుకుని పిండితే నీరు కారకూడదు, కాస్త చెమ్మ తెలియాలి, అంతే లెక్క. వండిన అన్నం, కూరలు, ఎముకలు మొదటి ఏడాది వేయకండి. మామిడి టెంకలు ఎంతకీ కరగవు, వాటిని విడిగా పడేయడమే.

తడి చెత్త విడిగా పోయాక పొడి చెత్త దానంతట అదే శుభ్రంగా ఉంటుంది. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా వేరు చేయకండి. ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు, కాలువలోకి పోతుంది. చిన్న గాటు పెట్టి ప్యాకెట్‌కే అంటిపెట్టుకుని ఉండనిస్తే చాలు. కడిగి ఆరేసి పోగుచేస్తే పాత పేపర్ల అతను తీసుకుంటాడు. పెరుగు ప్యాకెట్లు మా ఇంట్లోకి రావడం లేదు, అత్తయ్యగారు రాత్రి తోడు పెడతారు. మాంసం కొట్టుకు స్టీల్ డబ్బా తీసుకెళ్తాం. మొదట ఆ అబ్బాయి వింతగా చూశాడు, ఇప్పుడు తనే డబ్బా బరువు తీసేసి తూకం వేస్తాడు. గుడ్డ సంచి ఇంట్లో ఉంటే లాభం లేదు. బండి డిక్కీలో ఒకటి, ఆఫీసు బ్యాగులో ఒకటి ఉండాలి.

నీళ్ల విషయం మీరు తప్పకుండా చూసుకోండి. మా ఆర్ఓ మెషిన్ బయటికి వదిలే పైపు కింద బకెట్ పెట్టి కొలిచాం. లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు సింక్‌లోకి పోతున్నాయి. ఇప్పుడు ఆ నీళ్లు పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుతున్నాం. ఉప్పు శాతం ఎక్కువ ఉంటుంది కనుక మొక్కలకు రోజూ పోయకండి. మొక్కలకు బియ్యం, పప్పు కడిగిన నీళ్లు చాలు. అసలు మీ కుళాయికి వచ్చేవి నది నీళ్లైతే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎంతో కొలిపించండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలా ఇళ్లలో ఆర్ఓ అక్కర్లేదు, యూవీ ఫిల్టర్‌తో సరిపోతుంది. ఈ ఒక్క పనితో ఎన్ని బకెట్లు మిగులుతాయో మీరే చూస్తారు. మార్చి రాగానే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో ఉంటూ మంచి నీళ్లను సింక్‌లోకి వదలడం నాకు చాలా బాధగా ఉంటుంది.

కరెంటు దగ్గర పెద్దగా చెప్పేదేమీ లేదు. ఏసీ 24 కన్నా తగ్గించం. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 26 పెట్టి ఫ్యాన్ సన్నగా తిప్పితే మా పిల్లలు హాయిగానే పడుకుంటున్నారు. పాత ఫ్యాన్ పాడైనప్పుడు మాత్రం తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ తీసుకోండి. పాతది 75 వాట్లు తీసుకుంటే ఇది 30 దగ్గర ఉంటుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. నడుస్తున్న ఫ్యాన్‌ను మాత్రం పీకి పారేయకండి.

పిల్లల సంగతి అడిగారు కదా. చెప్పి చేయించాలని చూస్తే మా పెద్దవాడు అస్సలు వినలేదు. కుండలో ఎండుటాకులు వేసే పని చిన్నదానికి అప్పగించాం. కుండలో తనంతట తనే ఒక టమాటా మొలక వచ్చిన రోజు నుంచి వాడు కూడా బాల్కనీలోకి రావడం మొదలుపెట్టాడు. ఆదివారం తలంట్లకు అత్తయ్యగారు కుంకుడుకాయలు కొడితే ఆ పిప్పితో రాగి చెంబులు తోమేది ఇప్పుడు వాడే.

మీరు ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి, ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు, టెన్షన్ పడతారు. మొదటి రెండు నెలలు తడి చెత్త కుండ ఒక్కటే. అది అలవాటయ్యాక ఆర్ఓ బకెట్. ఇంకో విషయం, అద్దె ఇల్లు కదా, కుండ కింద తప్పకుండా పళ్లెం పెట్టండి. కారే నీళ్లు టైల్స్ మీద గోధుమరంగు మరక వేస్తాయి, తర్వాత ఎంత రుద్దినా పోదు. పళ్లెంలో చేరిన ఆ నీళ్లలో పదింతలు మామూలు నీళ్లు కలిపి మొక్కలకు పోయొచ్చు.