‘ఆర్మడిల్లో’ చూసి డెన్మార్క్‌లో జనం ఎందుకంత గొడవపడ్డారు?

మీరు అడిగింది రెండు సంగతులు. అఫ్గానిస్తాన్‌లో డెన్మార్క్ సైనికుల మీద తీసిన ‘ఆర్మడిల్లో’ డాక్యుమెంటరీకి ఆ దేశంలో అంత రచ్చ ఎందుకైంది, ఆ కుర్రాళ్లు నిజంగా యుద్ధ నేరం చేశారా అని. 2010లో ఆ సినిమా వచ్చినప్పుడు నేను ఆన్‌సైట్ పని మీద కోపెన్‌హాగన్‌లో ఉన్నాను. థియేటర్లో చూశాను, ఆఫీసులోనూ బయటా దాని మీద జరిగిన వాదనలు చెవులారా విన్నాను, కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. రెండో ప్రశ్నకు జవాబు చిన్నదే: సైనిక న్యాయ విభాగం విచారించింది, ఎవరి మీదా కేసు పెట్టలేదు. మొదటి ప్రశ్నే పెద్దది. నేను చూసినంతలో జనానికి మింగుడుపడనిది ఆ చంపడం కన్నా, చంపి వచ్చాక వాళ్లు నవ్విన నవ్వు.

చూడనివాళ్ల కోసం కథ కాస్త చెప్పాలి. 2009 ఫిబ్రవరిలో దర్శకుడు యానుస్ మెట్జ్, కెమెరామన్ లార్స్ స్క్రీ కలిసి హెల్మండ్ రాష్ట్రంలోని ఆర్మడిల్లో అనే క్యాంపుకు వెళ్లారు. అక్కడున్నది డెన్మార్క్, బ్రిటన్ సైనికులు. తాలిబన్ల స్థావరాలు కిలోమీటరు లోపే. ఆరు నెలల డ్యూటీకి వచ్చిన కుర్రాళ్లను వీళ్లు ఇంటి దగ్గర వీడ్కోలు పార్టీ నుంచీ తీశారు. ఎయిర్‌పోర్టులో ఏడుస్తున్న తల్లులు, క్యాంపులో పనీపాటా లేని మధ్యాహ్నాలు, వీడియో గేములు, బూతు సినిమాలు, మోటార్‌సైకిళ్లు, గస్తీకి వెళ్లినా ఒక్క తూటా పేలడం లేదని విసుగు. ఈ విసుగుని సినిమా చాలాసేపు చూపిస్తుంది, నాకైతే అది బాగా నచ్చింది, ఎందుకంటే చివర్లో జరిగేది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే ఈ ఖాళీ రోజులన్నీ చూడాలి.

చివర్లో ఒక ఎదురుకాల్పుల్లో కాలవగట్టు దగ్గర గుంటలో తాలిబన్లు కొందరు దొరుకుతారు. మనవాళ్లు, అంటే ఆ డెన్మార్క్ కుర్రాళ్లు, గ్రెనేడ్ వేసి, తర్వాత కాల్చి చంపుతారు. శవాల దగ్గర ఆయుధాలు లాగుతారు. క్యాంపుకు తిరిగొచ్చాక జరిగిందంతా చెప్పుకునే మీటింగులో ఒకడు గాయపడి పడున్నవాళ్ల పని ఎలా పూర్తిచేశారో చెబుతుంటే మిగతావాళ్లు నవ్వుతారు. తర్వాత వాళ్లలో ఎవరో ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలకు చెప్పాడు, వాళ్లు సైన్యానికి తెలియజేశారు. ఇక క్యాంపులో కోపమంతా ఆ ఫోన్ చేసినవాడి మీదకు మళ్లింది. గుంటలో ఏం జరిగిందన్నది పక్కకు పోయి, గుట్టు బయటపెట్టిందెవరన్నది ముందుకొచ్చింది. సినిమా మొత్తంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన భాగం ఇదే.

2010 మే నెలలో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్లో క్రిటిక్స్ వీక్ విభాగంలో దీనికి పెద్ద బహుమతి వచ్చింది. సినిమా ఇంకా హాళ్లలోకి రాకముందే డెన్మార్క్ పేపర్లు ఆ ఒక్క సీను పట్టుకుని హెడ్డింగులు పెట్టేశాయి, ఎడమపక్షం నాయకులు విచారణ కావాలన్నారు, ఆ వేడి చల్లారకముందే, మే నెలాఖరుకే, సినిమా హాళ్లలోకి వచ్చేసింది. డెన్మార్క్ అంటే అప్పటికి యాభై అయిదు లక్షల జనాభా ఉన్న దేశం. మొత్తం మీద అఫ్గానిస్తాన్‌లో 43 మంది సైనికుల్ని పోగొట్టుకుంది, జనాభా లెక్కన చూస్తే నాటో దేశాల్లో బాగా ఎక్కువ నష్టపోయినవాటిలో అదొకటి. అలాంటి చోట ‘సైనికుడు’ అంటే టీవీలో కనిపించే ఎవరో కాదు, పక్కింటివాళ్ల అబ్బాయి, క్లాస్‌మేట్ తమ్ముడు. 2009 నుంచి సెప్టెంబరు 5ను విదేశాలకు వెళ్లిన సైనికుల గౌరవార్థం జెండా దినంగా కూడా మొదలుపెట్టారు. దానికి ఏడాది తిరక్కుండానే ఈ సినిమా వచ్చింది.

మా ఆఫీసు క్యాంటీన్‌లో భోజనం పదకొండున్నరకే. (అలవాటు పడటానికి నాకు చాలా రోజులు పట్టింది, ఆ టైముకి మనం టిఫిన్ అరిగిందా లేదా అని చూసుకుంటుంటాం.) నా బల్ల దగ్గర కూర్చునే ఇద్దరిని చెబుతాను. ఒకాయన మొదటినుంచీ యుద్ధానికి వ్యతిరేకం. ఒకావిడ మేనల్లుడు హెల్మండ్ వెళ్లి వచ్చాడు, ఆవిడ కారు వెనక సైనికులకు మద్దతుగా పసుపు రిబ్బన్ స్టిక్కరు ఉండేది. ఇద్దరూ ఒకే వారంలో సినిమా చూశారు. ఆయనేమో ‘నేను ముందే చెప్పలేదా, పిల్లల్ని పంపి హంతకుల్ని చేస్తున్నాం’ అన్నాడు. ఆవిడ ‘నేను ముందే చెప్పలేదా, అక్కడ వాళ్లు ఎంత ప్రమాదంలో ఉంటారో ఇక్కడ కూర్చుని కాఫీ తాగేవాళ్లకేం తెలుసు’ అంది. ఒకటే సినిమా, ఒకే సీను. దర్శకుడు తన అభిప్రాయం ఎక్కడా వ్యాఖ్యానంగా చెప్పలేదు కాబట్టి ఎవరి ప్లేట్లో వాళ్లు కావలసింది వడ్డించుకున్నారు. సినిమా తీర్పు చెప్పి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదేమో, సగంమంది మెచ్చుకుని, సగంమంది ‘ఇది ప్రచారం’ అని కొట్టిపారేసి ఊరుకునేవాళ్లు.

ఆవిడ ఇంకోమాట కూడా అంది, అది నాకు బాగా గుర్తుంది. మేనల్లుడు తిరిగొచ్చాక ఇంట్లో అందరూ అడిగింది బావుల గురించి, బడుల గురించి, ఆడపిల్లల చదువు గురించేనట. ఎందుకంటే ప్రభుత్వం జనానికి ఆ యుద్ధాన్ని అలాగే చెప్పింది. ‘కాల్పులు ఎలా ఉంటాయి, నీకు భయమేసిందా, నచ్చిందా అని మేం ఎవరమూ అడగలేదు’ అంది. నచ్చిందా అనే మాట దగ్గర ఆగింది. థియేటర్లో జనం కూడా అక్కడే ఆగిపోయారని నా నమ్మకం. కష్టమైన పని తప్పనిసరై చేసొచ్చిన బిడ్డల్ని చూస్తామని వెళ్లారు, ఆ పని కోసం ఎదురుచూసిన బిడ్డల్ని చూశారు.

నవ్వు గురించి నాకు కొంచెం వేరే ఆలోచన ఉంది. మాది తాడేపల్లిగూడెం వైపు. ఇంటింటికీ సైనికులున్న మాధవరం పేరు ముందు ‘మిలిటరీ’ ఎందుకు చేరిందో ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలక్కూడా తెలుసు. మా మేనమామ కూడా ఆర్మీలో చేసి రిటైరై వచ్చారు. ఆయనా, ఆయన పాత స్నేహితులూ సాయంత్రం అరుగు మీద చేరితే కాశ్మీర్ కబుర్లు నడిచేవి. వింటే వెన్నులో వణుకు పుట్టే సంగతులు చెప్పుకుని పగలబడి నవ్వేవాళ్లు. అత్తయ్య టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి రాగానే ఠక్కున మాట మార్చి పింఛను గురించో, క్యాంటీన్ సరుకుల గురించో ఎత్తుకునేవాళ్లు. గ్లాసులు ఇచ్చి ఆవిడ లోపలికి వెళ్లేదాకా అదే. ఆవిడకు తెలియదని కాదు, తెలుసు, అందుకే ఎక్కువసేపు నిలబడేది కాదు. కాబట్టి కాల్పుల నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన కుర్రాళ్లు నవ్వారని నేను వాళ్లను రాక్షసులనలేను. అది బయటివాళ్లు వినడానికి నవ్వింది కాదు. అలాగని ఆ నవ్వు చూసి ‘పాపం కుర్రాళ్లు’ అని సరిపెట్టుకోనూలేను, ఎందుకంటే నవ్వుతూ చెబుతున్న ఆ మాటల్లోనే చట్టానికి సంబంధించిన ప్రశ్న ఉంది.

ఆ ప్రశ్న ఏమిటంటే, గాయపడి ఇక పోరాడలేని స్థితిలో ఉన్నవాడిని చంపడం జెనీవా ఒప్పందాల ప్రకారం నేరం. ఆయుధం చేతికందేలా ఉండి ఇంకా కాల్చగలిగే శత్రువును చంపడం నేరం కాదు. రెంటికీ మధ్య తేడా కొన్ని సెకన్లది, కొన్ని అడుగులది. గుంటలో ఉన్నవాళ్లు ఏ స్థితిలో ఉన్నారన్నది సినిమా చూసినవాడికి తేలదు, మనం ఎక్కువగా వినేది తర్వాత గొప్పగా చెప్పుకున్న మాటలే. గొప్పలకీ వాంగ్మూలానికీ తేడా ఉంటుంది, విచారణలో నిలబడేది రెండోదే.

ఇదే హెల్మండ్‌లో 2011లో బ్రిటిష్ మెరీన్ సార్జెంట్ అలెగ్జాండర్ బ్లాక్‌మన్ కేసు చూడండి. గాయపడిన తాలిబన్‌ను కాల్చడం తోటి మెరీన్ హెల్మెట్ కెమెరాలో రికార్డయింది, తాను జెనీవా ఒప్పందాన్ని మీరానని అతను తన నోటితోనే అనడం కూడా అందులో ఉంది. 2013లో హత్య కింద శిక్ష పడింది. అయినా బ్రిటన్‌లో అతని కోసం ఊరేగింపులు, చందాలు, పత్రికల్లో ప్రచారం, చివరికి 2017లో మానసిక ఒత్తిడి కారణంగా అది హత్య కాదని నేరం స్థాయి తగ్గించి అదే ఏడాది విడుదల చేశారు. అంటే వీడియోలో స్పష్టంగా ఉన్నా జనం మన కుర్రాడే అన్నారు. ‘ఆర్మడిల్లో’లో స్పష్టంగా లేదు కాబట్టి డెన్మార్క్ జనం తేల్చుకోలేకపోయారనే వాదన నాకు సగమే నిజమనిపిస్తుంది.

సినిమా తీసిన తీరు మీద కూడా తిట్లు పడ్డాయి. రంగులు దిద్ది, నేపథ్య సంగీతం పెట్టి, ఫీచర్ ఫిల్మ్‌లా ఎడిట్ చేశారని. ఈ ఫిర్యాదులో పస ఉంది. నా ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్లు కాల్పుల సీన్లలో కుర్చీ అంచుకు వచ్చి మరీ చూశారు, బయటికొస్తూ ఆ మెషీన్‌గన్ గురించే మాట్లాడుకున్నారు. యుద్ధానికి వ్యతిరేకంగా తీశామనుకున్న సినిమా చూసి కూడా సైన్యంలో చేరాలనుకునేవాళ్లు ఉంటారు. చాలామంది సైనికులు మళ్లీ వెళ్లారనో, వెళ్లాలనుకుంటున్నారనో సినిమా చివర్లో అక్షరాల్లో వేస్తారు కూడా.

ఈ గొడవ అంతటిలో ఎవరూ పట్టించుకోనివాళ్లు అఫ్గాన్లు. కోపెన్‌హాగన్‌లోని నోరెబ్రో పేటలో నేను కూరగాయలు కొనే కొట్టాయన కాబూల్ నుంచి వచ్చినవాడు. సినిమా చూశారా అని అడిగితే, చూశాను, మావాళ్లు డబ్బు తీసుకునే సీన్లు బాగున్నాయి అన్నాడు వెటకారంగా. నిజమే, అందులో రైతులు పాడైన పంటకీ, చచ్చిన పశువులకీ పరిహారం అడగడానికి క్యాంపు దగ్గరికి వస్తారు, సైనికులు నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. మీరు కాల్చి వెళ్లిపోతారు, తర్వాత తాలిబన్లు వచ్చి మా గొంతు కోస్తారు అని వాళ్లు మొహం మీదే చెబుతారు. పేపర్లలో నేను చూసినంతలో ఈ మాట మీద చర్చే లేదు. గుంటలో చనిపోయినవాళ్లు ఎవరు, ఏ ఊరివాళ్లు అని అడిగినవాళ్లూ కనిపించలేదు.

ఇదే వరసలో అదే ఏడాది వచ్చిన అమెరికన్ డాక్యుమెంటరీ ‘రెస్ట్రెపో’ కూడా చూడండి, సెబాస్టియన్ యుంగర్, టిమ్ హెదరింగ్టన్ తీసింది. అఫ్గానిస్తాన్ తూర్పున ఉన్న కోరెంగల్ లోయలో ఒక అమెరికన్ ప్లటూన్ కథ. అందులో ముళ్లకంచెలో చిక్కుకున్న ఆవును సైనికులు చంపితే ఊరి పెద్దలు డబ్బు అడగడానికి కొండెక్కి వస్తారు. డబ్బు కుదరదు, ఆవు బరువుకి సరిపడా బియ్యం, బీన్సు, చక్కెర ఇస్తామంటారు. ఆ పెద్దల మొహాలు చూడాలి. పాడి తెలిసిన మన ఇళ్లల్లో ఎవరినైనా అడగండి, ఆవుకు బదులు బియ్యం బస్తాలు తీసుకుంటారా అని. అమెరికాలో ఆ సినిమాకు వచ్చిన ప్రధాన ఫిర్యాదు రాజకీయం లేదని, యుద్ధం ఎందుకో చెప్పలేదని. తమాషా ఏమిటంటే అది థియేటర్లకు వచ్చేసరికే, 2010 ఏప్రిల్‌లోనే, అమెరికన్ సైన్యం ఆ లోయను వదిలేసి వెళ్లిపోయింది. అక్కడ నలభై మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయాక.

మీరు ప్రశ్నలో ప్రస్తావించింది ఆ గుంట సీను, నవ్వు సీను మాత్రమే, బహుశా ఆ అయిదు నిమిషాల క్లిప్పే చూసి ఉంటారు. డెన్మార్క్‌లో గట్టిగా అరిచినవాళ్లలో చాలామంది కూడా అదే చూసి, అదీ పేపర్లో చదివి, అరిచారు. మొత్తం సినిమా దొరికితే మొదటి గంట ముందుకు జరపకుండా చూడండి. రైతులు వచ్చిన సీన్ల దగ్గర సైనికులెంతసేపు మాట్లాడుతున్నారు, దుభాషీ ఎంతసేపు మాట్లాడుతున్నాడు, ఏది ఎగరగొడుతున్నాడు గమనించండి. తర్వాత ఇంకేమైనా అడగాలనిపిస్తే కామెంట్లో అడగండి, తెలిసినంత చెబుతాను.