మాడిన గిన్నెలో అన్నీ కలిపి పోయకండి

మీ ప్రశ్న: పాలు మాడి అడుగంటిన గిన్నె ఎంత తోమినా వదలడం లేదు, వంటసోడా, వెనిగర్, బ్లీచ్ మూడూ కలిపి రాత్రంతా నానబెట్టమని ఎవరో చెప్పారు, చేయొచ్చా? ఇంకా వంటింటికి పనికొచ్చే చిట్కాలేమైనా ఉంటే చెప్పమన్నారు.

దయచేసి ఆ పని చేయకండి. గిన్నె సంగతి కింద చెబుతాను, అది పెద్ద కష్టమేం కాదు. ముందు మా అక్క వాళ్ళింట్లో జరిగింది వినండి.

అక్కకీ ఇలాగే పాలు మాడాయి. పెద్ద స్టీలు గిన్నె. పొయ్యి మీద పెట్టి ఫోన్‌లో మాటల్లో పడింది. అడుగంతా నల్లగా చెక్కు కట్టేసింది. తోమింది, గీకింది, విసుగొచ్చి సింకులో పెట్టి అందులో బ్లీచ్ పోసింది. కాసేపు చూసింది, చెక్కు కదల్లేదు. అప్పుడు బాత్రూమ్ గచ్చు కడిగే యాసిడ్ సీసా తెచ్చి, దాని మీదే పోసింది. నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. ముందు ఒక్క దగ్గు వినిపించింది. పొడి దగ్గు. తర్వాత ఆగకుండా దగ్గుతూనే ఉంది. ఏమైందోనని వెళితే గుమ్మం దగ్గరే వాసన ముక్కులో గుచ్చుకుంది. ఈత కొలను నీళ్ళ వాసన ఉంటుంది చూడండి, దాన్ని వంద రెట్లు ఘాటు చేసినట్టు. కళ్ళలోంచి ధారగా నీళ్ళు. అక్క ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో గిన్నె పిడి పట్టుకుని "ఇది పారబోసి వస్తానే" అంటోంది. పారబోయాలంటే దాని మీదికి వంగాలి కదా! "వదిలెయ్ అక్కా, ముందు బయటికి రా" అని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. వంటింటి తలుపు మూసేసి, హాల్లో కిటికీలన్నీ తీసి, ఇద్దరం ఇంటి బయటికి వచ్చేశాం. బయట గాలి తగిలాక కూడా తనకి మాట రాలేదు. గొంతు పట్టేసింది. ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు గానీ, దగ్గూ గొంతు మంటా రాత్రంతా వదల్లేదు.

అప్పుడు వచ్చింది క్లోరిన్ గ్యాస్. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి యాసిడ్ తగిలిందా, క్లోరిన్ బయటికొస్తుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. గాలి కంటే బరువు కాబట్టి పైకి పోదు, సింకు మీదా నేల దగ్గరా నిలిచి ఉంటుంది. వంగి తోమేవాళ్ళకీ, కింద ఆడుకునే పిల్లలకీ ముందు తగిలేది అందుకే. వెనిగర్ అంత ఘాటైన యాసిడ్ కాదు నిజమే, కానీ యాసిడే. బ్లీచ్‌తో కలిస్తే అదీ క్లోరిన్‌ని పుట్టిస్తుంది. మీకు చెప్పిన చిట్కాలో ఆ రెండూ ఉన్నాయి! అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ బ్లీచ్ కలపకూడదు, అప్పుడు క్లోరమైన్ అనే ఇంకో విషవాయువు వస్తుంది. కొన్ని అద్దాలు తుడిచే ద్రవాల్లో అమ్మోనియా ఉంటుంది, సీసా మీద చదవండి. అక్కలాగా ఎవరైనా పొరపాటున కలిపేస్తే, దాన్ని ఆపడానికని ఇంకొకటి తెచ్చి పోయొద్దు. అక్కడి నుంచి బయటికి వెళ్ళిపోవాలి. ఊపిరి ఆడకపోయినా, దగ్గు ఆగకపోయినా ఆస్పత్రికి వెళ్ళాలి.

నా కోపమంతా ఈ "అన్నీ కలిపితే ఇంకా బాగా పనిచేస్తుంది" అనే చిట్కాల మీదే. వంటసోడా మీద వెనిగర్ పోసి, బుసబుసా నురగ పొంగుతుంటే మురికి కరిగిపోతోందని చూపిస్తారు. ఆ నురగ ఉత్త కార్బన్ డయాక్సైడ్. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిసి ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తాయి. చివరికి మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్ళ లాంటిదే. పొంగు వల్ల ఒకటి రెండు రేణువులు కదిలితే కదలొచ్చు, అంతే. విడివిడిగా వాడితే రెండూ బంగారం లాంటి వస్తువులు. జిడ్డుకీ, మాడిన పాలకీ, మాడిన అన్నానికీ క్షారం. గారకి ఆమ్లం. ఇంట్లో శుభ్రం చేసే పనుల్లో చాలావరకు ఈ ఒక్క తేడా తెలిస్తే సరిపోతుందని నా గట్టి నమ్మకం.

ఇక మీ గిన్నె. స్టీలుదైతే మాడు మునిగేదాకా నీళ్ళు పోసి, రెండు మూడు చెంచాల వంటసోడా వేసి, సన్నటి మంట మీద ఓ పావుగంట మరిగించండి. వేడికి వంటసోడా మెల్లగా బట్టల సోడాగా, అంటే సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. దాని క్షారగుణం ఇంకా ఎక్కువ. అందుకే చల్లటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టిన దానికంటే కాసేపు మరిగించింది బాగా పనిచేస్తుంది. మరుగుతున్నప్పుడు చెక్క గరిటెతో అడుగున మెల్లగా నెడుతూ ఉంటే చెక్కు పెళ్ళలుగా లేస్తుంది, నీళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. దించి, చల్లారాక మామూలు పీచుతో తోమండి. ఇంకా మిగిలితే నీళ్ళు మార్చి మరోసారి మరిగించండి. అంతా పోయాక కూడా ఇంద్రధనుస్సు రంగుల్లో మచ్చ కనిపిస్తే అది మాడు కాదు, వేడికి స్టీలు మీద ఏర్పడిన పొర. దాని మీద కాస్త వెనిగర్ రుద్ది కడిగితే పోతుంది. అప్పటికి గిన్నెలో సోడా ఉండదు కాబట్టి వెనిగర్ తన పని తాను చేస్తుంది.

గిన్నె అల్యూమినియందైతే సోడా జోలికి వెళ్ళకండి. క్షారం ఆ లోహాన్ని తినేస్తుంది, గిన్నె నల్లబడుతుంది. వేడినీళ్ళలో కాస్త గిన్నెలు తోమే సబ్బు వేసి నానబెట్టడం, ఓపిగ్గా తోమడం, అంతే. నాన్‌స్టిక్ అయితే స్టీలు పీచు అసలు తగలనివ్వొద్దు.

స్టీలు గిన్నెల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చల్లటి నీళ్ళలో ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టేస్తుంటారు చాలామంది. కరగని ఉప్పు అడుగున కూర్చుని స్టీలు మీద సన్నటి గుంటలు చేస్తుంది. ఆ గుంటలు ఇక పోవు. నీళ్ళు మరిగాక ఉప్పు వేసి కలిపితే ఆ గొడవే లేదు.

నీళ్ళు కాచే కెటిల్ అడుగున తెల్లగా గార కడితే దాన్ని గీకి గీకి పాడుచేసుకోకండి. అది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్ళు పోసి మరిగించి కాసేపు వదిలేస్తే కరిగిపోతుంది. తర్వాత మంచినీళ్ళు ఒకటి రెండుసార్లు మరిగించి పారబోస్తే వాసన కూడా ఉండదు.

కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్క వేయమనే చిట్కా ఇంకా ఎందుకు తిరుగుతోందో నాకు అర్థం కాదు. దుంప కూరలోని నీటిని పీల్చుకుంటుంది, ఆ నీటితో పాటే ఉప్పూ పోతుంది. మిగిలిన పులుసు ఎంత ఉప్పగా ఉందో అంతే ఉంటుంది. ఉప్పు తగ్గాలంటే నీళ్ళో, ఉప్పులేని కూరగాయలో కలిపి మొత్తం పెంచాల్సిందే. కాస్త పులుపు తగిలిస్తే నాలుకకి ఉప్పు తక్కువ అనిపిస్తుంది గానీ, వేసిన ఉప్పు ఎక్కడికీ పోదు. బీపీ ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో చిట్కా మీద నాకు మరీ కోపం. చెయ్యి కాలితే టూత్‌పేస్ట్ రాయమనడం. చల్లగా అనిపిస్తుంది కాబట్టి అది మందని అనుకుంటారు. అది పుండుని ఇంకా రేపుతుంది, పైగా డాక్టర్ ముందు దాన్ని కడగాల్సి వస్తుంది, ఆ నొప్పి వేరే. వెన్న, నూనె రాసినా అంతే, వేడి లోపలే ఉండిపోతుంది. మంచు ముక్క కూడా పెట్టకూడదు, కాలిన చర్మం దాని వల్ల ఇంకా దెబ్బతింటుంది. కాలగానే ఉంగరం, గాజులు, గడియారం లాంటివి తీసేసి (వాపు వస్తే మళ్ళీ రావు), చల్లటి కుళాయి ధార కింద 20 నిమిషాలు పెట్టండి. రెండు నిమిషాలకే నొప్పి తగ్గిందని తీసేయొద్దు. పొక్కు లేస్తే చిదమకండి. మీ అరచేతికంటే పెద్దగా కాలినా, ముఖం మీద కాలినా, చిన్నపిల్లలకి కాలినా ధార కింద పెట్టిన తర్వాత నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.