చిన్నీ, ముందు నీ హ్యాండిల్ ఎక్కడుందో చూసుకో

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, ఇది విమానంలోంచి దూకడం నేర్చుకుంటుందట, నువ్వైనా మానమని చెప్పు" అన్నాడు. నాకు నోరు రాలేదు. 1994లో ఇదే అమెరికాలో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దూకినవాణ్ణి నేను. మీ నాయనమ్మకి చివరిదాకా తెలియదు. నువ్వు చెప్పి మరీ వెళ్తున్నావు, అందుకు గర్వంగానే ఉంది తల్లీ. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు వాళ్లే చెప్తారు. గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజుకి వదిలేసి ఇంటికొచ్చెయ్. రిజర్వ్ పారాచూట్‌ని, అంటే మొదటిది పనిచెయ్యకపోతే వాడే రెండోదాన్ని, రిగ్గర్ (దాన్ని మడిచే లైసెన్సున్న మనిషి) గత 180 రోజుల్లో మడిచాడో లేదో కార్డు చూపించమను, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

నా భయమంతా నీ కుడి చెయ్యి గురించి.

నేను నేర్చుకున్న స్టూడెంట్ రిగ్గుకి, అంటే వీపుకి తగిలించుకునే పారాచూట్ సంచీ పట్టీలకి, రిప్‌కార్డ్ ఉండేది. కుడి తుంటి దగ్గర పట్టీ మీద హ్యాండిల్, దాన్ని లాగితే పిన్ను ఊడొచ్చి, లోపల స్ప్రింగుతో నొక్కిపెట్టిన చిన్న పైలట్ చూట్ ఎగిరి బయటపడి, గాలి పట్టుకుని మెయిన్‌ని, అంటే పెద్ద పారాచూట్‌ని, బయటికి లాగేది. కోర్సంతా దాంతోనే. దూకేముందు, దూకాక, ఆఖరికి రాత్రి మంచం మీద పడుకుని కూడా తుంటి దగ్గరికి చెయ్యి పోనిచ్చి ప్రాక్టీస్ చేసేవాణ్ణి.

కోర్సు అయ్యాక అద్దెకిచ్చిన రిగ్గు వేరే రకం, త్రో అవుట్. అందులో స్ప్రింగు లేదు. పైలట్ చూట్ వీపు మీది సంచి అడుగున, కుడివైపు, సాగే గుడ్డ జేబులో ఉంటుంది. దాని హ్యాండిల్ పట్టుకుని లాగి గాల్లోకి విసరాలి. నేల మీద చూపించారు, పదిసార్లు తడిమి చూసుకోమన్నారు. రెండుసార్లు చూసుకుని చాలన్నాను. విమానం ఎక్కేవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు, వాళ్ల ముందు కొత్తవాడిలా వీపు తడుముకోవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

4,000 అడుగుల దగ్గర చెయ్యి పోనిచ్చాను. అది తిన్నగా తుంటి దగ్గరికే పోయింది, ఇల్లు మారాక కూడా చీకట్లో పాత గోడ మీదే స్విచ్ వెతికినట్టు. అక్కడ పట్టీ తప్ప ఏమీ లేదు. మళ్లీ తడిమాను. కంగారులో బ్యాలెన్స్ కోసం ఎడమ చెయ్యి చాచి ఉంచాలన్న సంగతి మర్చిపోయాను, ఒళ్లు పక్కకి తిరగడం మొదలుపెట్టింది. ఆ వేగంలో 1,000 అడుగులు పోవడానికి ఐదారు సెకన్లు చాలు. రెండుసార్లు వెతికి దొరక్కపోతే రిజర్వ్ లాగెయ్యాలని నాకు నోటికి వచ్చు, పరీక్షలో రాశాను కూడా. అయినా వెతుకుతూనే ఉన్నాను. ఎత్తు చూపించే ఆల్టిమీటర్ చూడలేదు. చివరికి వేళ్లకి ఆ హ్యాండిల్ తగిలింది, విసిరాను. మెయిన్ పూర్తిగా విప్పుకున్నాక చూస్తే 1,500.

కిందికి దిగి గడ్డిలో కూర్చుండిపోయాను. నాకు నేర్పినాయన వచ్చి పక్కన కూర్చుని ఒక్క మాటే అడిగాడు, "రిజర్వ్ ఎందుకు లాగలేదు?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

ఏఏడీ (మనం లాగకపోయినా తనంతట తానే రిజర్వ్ తెరిచే పరికరం) ఉంటుంది కదా పెదనాన్నా అంటావు. ఉంటుంది, ఉండాలి. జర్మనీవాళ్లు చేసే సైప్రెస్ అనే ఏఏడీ 1991 నుంచీ ఎంతోమందిని బతికించింది. కానీ నువ్వు ఏమీ లాగకుండా పడిపోతుంటే అది రిజర్వ్ తెరిచేది సుమారు 750 అడుగుల దగ్గర, అంటే నేలకి నాలుగైదు సెకన్ల దూరంలో. పైగా సరిగ్గా అప్పుడే నువ్వు మెయిన్ విసిరావనుకో, రెండూ తెరుచుకుని ఒకదాన్నొకటి లాక్కోవచ్చు. ఆ రోజు నేను ఇంకొన్ని సెకన్లు వెతికి ఉంటే నాకూ అదే జరిగి ఉండేదేమో.

అందుకని నీ రిగ్గుది రిప్‌కార్డా, త్రో అవుటా కనుక్కో. ఇప్పుడు చాలా స్కూళ్లలో మొదటి రోజు నుంచే త్రో అవుట్ ఇస్తారు, అదే మంచిది. రిజర్వ్‌కి రెండు హ్యాండిళ్లా, ఒకటేనా అడుగు. రెండైతే మామూలుగా కుడివైపు మెత్తటిది సరిగ్గా తెరుచుకోని మెయిన్‌ని వదిలెయ్యడానికి, ఎడమవైపుది రిజర్వ్‌కి. కొన్ని పాత స్టూడెంట్ రిగ్గుల్లో ఒక్క హ్యాండిలే రెండు పనులూ చేస్తుంది. రిగ్గు మారిస్తే, అదే కంపెనీదైనా సరే, మళ్లీ మొదటి నుంచి తడిమి చూసుకో. ఎవరు చూసినా, విమానం వెళ్లిపోయినా చూసుకో. డబ్బులు పోతే నేను పంపుతాను.

నువ్వు చిన్నప్పుడు బావి గట్టు మీద నిలబడితే వెనక నుంచి గౌను పట్టుకునేవాణ్ణి, గుర్తుందా? వదులు పెదనాన్నా అని ఏడ్చేదానివి.

మొదటిసారి నీకు అటొకరు ఇటొకరు ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారు. చెప్పిన ఎత్తు దగ్గర నువ్వు లాగకపోతే వాళ్లు లాగుతారు. ఆ మాట మీ నాన్నకి చెప్పాను, కొంచెం కుదుటపడ్డాడు.

శనివారం లోపు ఆ రిగ్గు వేసుకుని, కుడి చెయ్యి హ్యాండిల్ మీద పెట్టి, వెనక నుంచి ఫోటో తీయించి పంపు. నాకు నీ మొహం కనపడక్కర్లేదు, చెయ్యి కనపడాలి.

పెదనాన్న