థిన్ క్లయింట్ కొనేముందు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు సమీపంలోని మా కార్యాలయంలో 20 మంది, సర్వరులో నడుస్తూ తమ తెరపై కనిపించే వర్చువల్ డెస్క్‌టాప్‌లపై పనిచేయబోతున్నారు. అందరికీ చవక థిన్ క్లయింట్లు (సర్వరుకు కలిపే చిన్న కంప్యూటర్ పెట్టెలు) సరిపోతాయా?

జవాబు: బిల్లులు, ఖాతాలు మాత్రమే చూసేవారికి సరిపోతాయి. అయితే అసలు పని సర్వరులోనే జరిగినా, అది పంపే తెర దృశ్యాన్ని విప్పి చూపవలసింది బల్లమీది పెట్టె కనుక, వీడియో సమావేశాలు జరిపేవారికి హెచ్.264 (వీడియోను కుదించి పంపే ప్రమాణం) డీకోడింగ్‌ను హార్డ్‌వేర్‌లోనే చేయగల చిప్ అవసరం. 4కె మానిటర్ పెట్టదలిస్తే పోర్టును పరిశీలించండి, హెచ్‌డీఎంఐ 1.4 అయితే సాధారణంగా 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు తెర మారడం) వద్దే ఆగిపోతుంది, మౌస్ కదలికలోనే ఆ తడబాటు తెలిసిపోతుంది. మీరున్న చోటికి ఫ్యాన్ లేని నమూనాయే మేలు. మిర్చి దుమ్ము పట్టిన ఫ్యాన్‌ను తుడిచేవారి తుమ్ములు నేనెరుగుదును. ముందుగా ఒక్కటే తెప్పించి, మీ ప్రింటరు, బార్‌కోడ్ రీడరు వర్చువల్ డెస్క్‌టాప్‌లో పనిచేస్తున్నాయని వారంపాటు చూశాకే మిగతావి కొనండి.