అమ్మ పోయినప్పుడు రాని కన్నీరు ఆవు–పులి కథ దగ్గర ఎందుకు వచ్చింది?

ప్రశ్న: మా అమ్మ ఈ ఏడాది మాఘమాసంలో కాలం చేసింది. నేను పెద్ద కొడుకును. తలకొరివి పెట్టిన రోజు నుంచి పన్నెండో రోజు దాకా కర్మలన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి గాని, నా కంట ఒక్క చుక్క నీరు రాలేదు. ‘వీడిది రాతిగుండె’ అని బంధువులు అనుకున్న మాట నా చెవిన కూడా పడింది. నాలుగు నెలల తరువాత ఒక రాత్రి మా ఏడేళ్ల పాపకు ఆవు–పులి కథ చెబుతూ, ఆవు దూడకు ఆఖరిసారి పాలిచ్చి బుద్ధులు చెప్పే చోటికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయి, పాప భయపడేటంతగా ఏడ్చాను. చిన్నప్పుడు ఆ కథ నాకు చెప్పింది మా అమ్మే. కన్నతల్లికి రాని కన్నీరు ఒక కథకు రావడం నా మనసులోని లోపమా? ఇక మీదట ఆ కథ పాపకు చెప్పకపోవడం మంచిదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లోపం కాదు. ఆ రాత్రి మీరు ఏడ్చింది మీ అమ్మగారి కోసమేనని నా గట్టి నమ్మకం.

మీకు అమ్మగారు చెప్పిన కథను పదిహేనో శతాబ్దపు కవి అనంతామాత్యుడు ‘భోజరాజీయం’లో పద్యాలుగా రాశాడు. తనను తినబోయిన పులిని ఆవు ప్రాణభిక్ష అడగదు. ఇంటి దగ్గర పుట్టి ఏడెనిమిది రోజులైన దూడ ఉన్నదని, దానికి ఇంకా గడ్డి కొరకడం కూడా రాదని, ఒక్కసారి పాలిచ్చి తిరిగి వస్తానని మాత్రమే వేడుకుంటుంది. ఇంటికి వెళ్లి, కడుపునిండా పాలిచ్చి, లోకంలో ఎలా మసలుకోవాలో ఒక్కొక్కటే చెబుతుంది. తామరతూటి దారం, గడ్డిపరక, దూది, గాలికి లేచే ధూళి – ఇవన్నీ చులకనైనవే గాని, తల్లి లేని బిడ్డ అంతకంటే చులకన అని అది దూడతో అనే పద్యం మనలో చాలామంది బడిలో కంఠస్థం చేసినదే. కన్నడనాట ఈ కథను పుణ్యకోటి పాటగా పాడుకుంటారు. అక్కడ పులి పశ్చాత్తాపంతో ప్రాణం విడుస్తుంది, మన కథలో పులి ఆవు సత్యానికి కరిగి దాన్ని విడిచిపెడుతుంది. అయితే వినేవాళ్లు ఏడ్చేది ఆ ముగింపు దగ్గర కాదు, మీరు ఆగిపోయిన చోటే. చిన్నప్పుడు దూడవైపు నుంచి విన్న ఆ మాటను, తల్లి పోయిన నాలుగు నెలలకు, మీ బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని, ఆవు నోటి మాటగా మీరే పలకవలసి వచ్చినప్పుడు గొంతు పూడుకుపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

ఇక ఆ పన్నెండు రోజుల సంగతి. భరతముని నాట్యశాస్త్రంలో కన్నీటిని, గొంతు మారిపోవడాన్ని ఎనిమిది సాత్త్విక భావాలలో, అంటే మనసులోని భావం ఒంటిమీద బయటపడే గుర్తులలో, లెక్కించి, మనసు ఏకాగ్రమైనప్పుడే ఆ భావాలు సిద్ధిస్తాయని చెప్పాడు. ఆయన చెప్పింది నటుడి గురించే గాని, కర్తగా కూర్చున్న కొడుకుకూ అది వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది. పాడెకు వెదురు తెప్పించడం, దూరాన ఉన్నవారికి కబురు పంపడం, పురోహితుడు, వంటవాళ్లు, వచ్చిన ప్రతి మనిషికీ జరిగినదంతా మొదటి నుంచి చెప్పడం – ఇన్నింటి మధ్య ముక్కలైపోయిన మనసుకు ఏడ్చే తీరిక ఎక్కడిది? చావు ఇంట ఆడవాళ్లు పోయినవారి గుణాలను తలుచుకుంటూ శోకాలు పెట్టి ఏడవడం మన పల్లెల్లో ఆచారంగా ఉన్నది. కర్మ చేసే కొడుకుకు మాత్రం మనం పనులు ఇచ్చాం గాని, ఏడవడానికి చోటు ఇవ్వలేదు. రాతిగుండె అన్నవారు ఈ సంగతి ఆలోచించి ఉంటే బాగుండేది.

కథకు ఏడవడం చిన్నతనం అని కూడా అనుకోవద్దు. కుశలవులు రామాయణం గానం చేసినప్పుడు విన్న మునులందరి కళ్లూ నీళ్లతో నిండాయని, ఎప్పుడో జరిగిపోయినది ఇప్పుడు కళ్లెదుట జరుగుతున్నట్టు చూపించారని వారు మెచ్చుకున్నారని వాల్మీకి బాలకాండలోనే చెప్పాడు. మీ విషయంలోనూ జరిగినది అదే. నాలుగు నెలల కిందటి చావు ఆ రాత్రి మీ కళ్లెదుటికి వచ్చింది.

పాపకు కథ మానవద్దు. తండ్రి ఏడవడం చూసి ఆమె భయపడింది గాని, అది కారణం తెలియని భయం. కారణం చెప్పకుండా కథనే మానేస్తే, తాను అడగడం వల్లనే నాన్నకు బాధ కలిగిందని ఆమె అనుకునే ప్రమాదం ఉన్నది. మళ్లీ అడిగిన రోజున చెప్పండి. దూడ దగ్గరికి వచ్చేసరికి మాట ఆగితే ఆగనివ్వండి. ఎందుకు ఆగావని అడిగితే, ఈ కథ నాకు మీ నానమ్మ చెప్పింది, ఆమె గుర్తుకు వచ్చింది అని చెప్పి, ఆవు అడవికి తిరిగి వెళ్లిన దగ్గర నుంచి మిగిలినది పూర్తి చేయండి.