బండి సందేహాలు: బ్యాటరీ ముందు సెల్ఫ్‌కి, ఆ తర్వాతే ఫోనుకి

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది కంచరపాలెం. చిన్నప్పుడే పోలియో వచ్చింది, చంకకర్రలతో నడుస్తాను. వెనక రెండు చక్రాలు పెట్టి తయారు చేసిన మూడు చక్రాల స్కూటర్ మీద రోజూ ద్వారకానగర్‌లో ఆఫీసుకి వెళ్లొస్తాను. బయల్దేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది, అప్పటికి ఫోన్ ఛార్జింగ్ అయిపోవస్తుంది. దారిలో బండి ఆగితే దిగి తోసుకుపోలేను. ఫోన్ ఒక్కటే ఆధారం. అందుకే డిసెంబర్‌లో ఒక షాపులో ఛార్జింగ్ సాకెట్ పెట్టించాను. దాని మీద వోల్టేజి అంకెలు నీలం రంగులో ఎప్పుడూ వెలుగుతుంటాయి. సంక్రాంతికి ఎనిమిది రోజులు బొబ్బిలి వెళ్లి వచ్చేసరికి బండి సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ పోయిందని కొత్తది వేశారు. దాని మీద 12 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ అని ఉంది. నెల తిరక్కుండా అదీ అలాగే అయింది. పైగా సాకెట్ వైరుకి టేపు చుట్టిన చోట పట్టుకుంటే వేడిగా తగిలింది. ఇంట్లో వాళ్లు ‘ఈ సోకులెందుకు, పీకించెయ్’ అంటున్నారు. పీకించెయ్యనా? ఉంచుకుంటే ఆ సాకెట్‌తో టైర్లకి గాలి కొట్టే చిన్న పంపు కూడా నడుస్తుందా? ఆర్‌సీకి ఏమైనా ఇబ్బంది వస్తుందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పీకించొద్దమ్మా. సరిగ్గా పెట్టించుకోండి.

ముందు ఆ ‘సోకు’ మాట గురించి చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. సిగ్నల్ అక్కడక్కడా తిరిగొచ్చేసరికి గాజువాక ఆటోనగర్‌లో మా షాపు ముందు జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. లారీ బ్యాటరీ ఒకటి బయటపెట్టి, కారు ఛార్జర్లు తగిలించి, ఒక్కో ఫోనుకి పావుగంట చొప్పున ఇచ్చాం. ఒక పెద్దావిడ తన ఫోన్ వెలగ్గానే అక్కడే నిలబడి కొడుక్కి చేసింది. ‘బతికే ఉన్నాంరా’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఆ రోజు నుంచీ ఫోన్ ఛార్జింగ్‌ని నేను సోకు అనను, నా దగ్గర పనిచేసే కుర్రాళ్లని అననివ్వను. రాత్రిపూట ఒంటరిగా వచ్చే మీకు అది ఇంకా ముఖ్యం.

అయితే మీ బండిలో దానికంటే ముఖ్యమైన పని బ్యాటరీకి ఇంకొకటి ఉంది. మామూలు వాళ్లకి బ్యాటరీ దిగిపోతే కిక్ కొట్టుకుంటారు. మీరు కొట్టలేరు. మీకు సెల్ఫ్ తీసుకోలేదంటే బండి లేనట్టే. కాబట్టి బ్యాటరీ ముందు సెల్ఫ్‌ది, మిగిలితేనే ఫోనుది. మీకు సాకెట్ పెట్టినాయన ఈ లెక్క చూసుకోలేదు. వైర్లు రెండూ తెచ్చి నేరుగా బ్యాటరీకి తగిలించేశాడు. కీ తీసేసినా అంకెలు వెలుగుతున్నాయంటే అర్థం అదే.

ఆ నీలం అంకెలు ఎంత లాగుతాయిలే అనుకోవద్దు. ఇలాంటివి మీటరు పెట్టి చూస్తే పది నుంచి ఇరవై మిల్లీ ఆంపియర్ల దాకా లాగడం నేను చూశాను. ఇరవై అనుకుంటే రోజుకి ఇరవైనాలుగు గంటలకి దాదాపు అర ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత అది). మీరు ఊరెళ్లింది ఎనిమిది రోజులు. ఎనిమిది అరలు నాలుగు. మీ బ్యాటరీ మొత్తం నాలుగే! పండక్కి మీరు బొబ్బిలిలో ఉంటే ఇక్కడ అది చుక్క చుక్కా కారిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయి అలాగే రోజులు ఉంటే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పాత బలం రాదు. రెండో బ్యాటరీకి ఇంకో కష్టం తోడైంది. మీరు వెళ్లేది దగ్గర దూరం, మధ్యలో సిగ్నళ్లు. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన ఛార్జి మళ్లీ ఎక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. పగలంతా పార్కింగ్‌లో అంకెలు వెలుగుతూనే ఉంటాయి.

టేపు చుట్టిన చోట వేడి అన్నారు చూడండి, నాకు అసలు టెన్షన్ అక్కడే. ఫోను లాగే కరెంటుకి మంచి వైరు వేడెక్కదు. తోలు తీసి మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, టేపు జిగురు కరిగి జారుతుంది, రాగి బయటపడుతుంది. అది బండి ఫ్రేముకి తగిలిందంటే, మధ్యలో ఫ్యూజు లేకపోతే, బ్యాటరీలో ఉన్నదంతా ఒక్కసారిగా ఆ సన్న వైరు గుండా పోతుంది. కాలితే తోలు కాలుతుంది, దాని పక్కనే పెట్రోలు పైపు ఉంటుంది. గబుక్కున బండి దిగలేని మనిషి కింద అలాంటి వైరు పెట్టకూడదు. ఈ సంచిక చదివిన రోజే ఎవరితోనైనా ఆ రెండు వైర్లూ బ్యాటరీ దగ్గర విప్పించి పక్కన పెట్టించండి. మిగతాది తీరిగ్గా చేయించుకోవచ్చు.

చేయించేటప్పుడు మేస్త్రికి ఈ పేజీ చూపించండి. ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాలి, పని అయ్యాక దాన్నే చివర్న బిగించాలి. పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ ఫ్రేముకి తగిలినా అప్పుడు నిప్పు రాదు. పాజిటివ్ నుంచి బయల్దేరిన వైరుకి జానెడు లోపే ఫ్యూజు హోల్డరు ఉండాలి. సాకెట్ దగ్గరెక్కడో పెట్టిన ఫ్యూజు దండగ, అది కాపాడాల్సింది మధ్యలో ఉన్న వైరుని. ఒకే పోర్టు ఉన్న సాకెట్‌కి మూడు ఆంపియర్ల ఫ్యూజు, రెండు పోర్టులుంటే అయిదు. వైరు ఒక చదరపు మిల్లీమీటరు, సన్నపోగులది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేస్తానంటే ఒప్పుకోకండి, పోవడానికి కారణం వెతకమనండి.

ఫ్యూజు నుంచి వైరు నేరుగా సాకెట్‌కి వెళ్లకూడదు, మధ్యలో నాలుగు కాళ్ల రిలే ఉండాలి. రిలే అంటే ఒక వైరులో కరెంటు వస్తే ఇంకో వైరుని కలిపి, పోతే విడదీసే స్విచ్చు. దాని మీద నంబర్లు అచ్చు వేసి ఉంటాయి. ఫ్యూజు నుంచి వచ్చేది 30కి, సాకెట్ పాజిటివ్‌కి వెళ్లేది 87కి, 85 ఎర్త్‌కి. 86కి మాత్రం కీ ఆన్ చేస్తే కరెంటు వచ్చి, తీస్తే పోయే వైరు ఇవ్వాలి. ఇండికేటర్ ఫ్లాషర్‌కి వచ్చే పాజిటివ్ దీనికి బాగుంటుంది. ఇక కీ తీస్తే సాకెట్ చచ్చిపోతుంది, అంకెలూ ఆరిపోతాయి. మీరు నెల రోజులు ఊరెళ్లినా ఆ సాకెట్ వల్ల బ్యాటరీ దిగదు.

ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. ఒక పాత కార్బురేటర్ స్కూటర్‌కి చేతికి అందుతోంది కదా అని హెడ్‌లైట్ వైరు నుంచి కనెక్షన్ ఇచ్చాను. రెండో రోజే ఆయన ఛార్జర్ మాడిపోయిందని పట్టుకొచ్చాడు. అలాంటి పాత బండ్లలో హెడ్‌లైట్‌కి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి నేరుగా ఏసీ వస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఛార్జర్‌కి కావాల్సింది నిలకడైన డీసీ. ఆ ఛార్జర్ డబ్బు నేనే ఇచ్చుకున్నాను. మీటరు పెట్టి అది డీసీ అని చూసుకోకుండా అప్పటినుంచి ఏ వైరునీ ముట్టుకోలేదు.

నెగెటివ్ వైరుని ఫ్రేముకి కాక తిన్నగా బ్యాటరీ నెగెటివ్‌కే తీసుకెళ్లాలి. మీ బండిలో వెనక చక్రాల ఫ్రేము విడిగా వెల్డింగ్ చేసి రంగు వేసింది. ఆ రంగు మీద, తుప్పు మీద ఎర్త్ సరిగా అందదు. వైరు తీసుకెళ్లేటప్పుడు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి, ఎక్కడా బిగుసుకోకూడదు. సైలెన్సర్‌కి దూరంగా పోవాలి. సాకెట్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మేస్త్రికి వదలకండి, మీరే బండి మీద కూర్చుని చూపించండి. మీరు ఎక్కాక చంకకర్రలు ఏ పక్కన పెడతారో ఆ పక్కన వద్దు. రోజుకి నాలుగుసార్లు కర్ర తగిలితే సాకెట్ మూత ఊడుతుంది, ఆ తర్వాత సాకెట్టే ఊడుతుంది.

పనయ్యాక మీటరు తెప్పించి మీ ఎదుటే చూపించమనండి. కీ తీశాక సాకెట్‌లో సున్నా రావాలి. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ పొద్దున్న 12.6 దగ్గర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం దిగినట్టు. ఇంజను ఆన్ చేసి కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. అంత రాకపోతే మీ బ్యాటరీ దిగడానికి సాకెట్ ఒక్కటే కారణం కాదన్నమాట, ఛార్జింగ్ కూడా చూడాలి. 15 దాటితే వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయినట్టు. అది మార్చేదాకా ఫోన్ పెట్టకండి.

వాడకంలో ఒక్కటే అలవాటు చేసుకోండి. బండి స్టార్ట్ అయ్యాకే ఫోన్ గుచ్చండి. ఛార్జర్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు, బ్యాటరీ వైపు దాదాపు ఒక ఆంపియర్. ఇంజను తిరుగుతుంటే ఇది పెద్ద బరువు కాదు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి హెడ్‌లైట్ పగలూ రాత్రీ వెలిగే ఉంటుంది కాబట్టి, సిగ్నల్ దగ్గర ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు మాత్రం బ్యాటరీ కొంచెం చెయ్యి వేయాల్సి వస్తుంది.

గాలి పంపు వద్దు. 12 వోల్టుల చిన్న పంపు కూడా ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది. అయిదు ఆంపియర్ల ఫ్యూజు వెంటనే పోతుంది. పెద్ద ఫ్యూజు వేస్తే మీ నాలుగు ఆంపియర్ అవర్ బ్యాటరీ పోతుంది, గాలి నిండిన టైర్లతో బండి అక్కడే నిలబడుతుంది. దాని బ్యాటరీ దానికే ఉండి, ఇంట్లో ఛార్జి పెట్టుకునే పంపులు దొరుకుతున్నాయి. మూడు టైర్ల బండికి అది కొనుక్కోవడం మంచి ఆలోచనే.

ఆర్‌సీ గురించి దిగులు పడకండి. మీలాంటి వారి కోసం మార్చిన బండిని 2019 చట్ట సవరణ తర్వాత ‘అడాప్టెడ్ వెహికల్’ అంటున్నారు. అంతకుముందు వాడిన ‘ఇన్వాలిడ్ క్యారేజ్’ అనే మాట తీసేశారు, చాలా మంచి పని చేశారు. సాకెట్ పెడితే ఆర్‌సీలో రాసిన వివరం ఏదీ మారదు. బండి వారంటీలో ఉంటే మాత్రం కంపెనీ వైర్లు కోయకుండా కప్లర్‌తో, అంటే గుచ్చి కలిపే ప్లాస్టిక్ కనెక్టర్‌తో, కలపమనండి.

ప్రశ్న: నాది సరుకుల త్రీవీలర్. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల పెట్టెలు వేస్తాను. ఛార్జింగ్ సాకెట్ పెట్టించి ఆరు నెలలు కాలేదు, ఛార్జి ఎక్కుతూ ఆగుతూ ఉంది. లోపల పచ్చగా కనబడుతోంది. కొత్తది వేస్తే సరిపోతుందా?
— ఒక డ్రైవర్, విశాఖపట్నం

జవాబు: ఒక్క సాకెట్టే మారిస్తే ఆరు నెలలకి మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు తమ్ముడూ. ఆ పచ్చది చిలుము, రాగిని ఉప్పు తినేస్తున్న గుర్తు. మీకు సముద్రం గాలి ఒక్కటే కాదు, పెట్టెల్లోంచి ఐసు కరిగిన ఉప్పునీళ్లు కూడా కారుతుంటాయి. సాకెట్‌లో రాత్రీ పగలూ కరెంటు నిలబడి ఉండగా ఉప్పు తడి చేరితే పాజిటివ్ వైపు లోహం చాలా తొందరగా కరిగిపోతుంది. అందుకే పై చెల్లెమ్మకి చెప్పిన రిలే మీకూ కావాలి. కీ తీస్తే కరెంటు ఉండకపోతే తినడం చాలా నెమ్మదిస్తుంది.

చిలుము సాకెట్ దగ్గర ఆగదు, తోలు కింద నుంచి వైరులోకి పాకుతుంది. ఫ్యూజు తీసి, వైరుని కొంచెం కొంచెంగా కోసుకుంటూ వెళ్లండి. పోగులు ఎర్రగా మెరిసే రాగి కనబడేదాకా కోయాల్సిందే. నల్లబడ్డ పోగుల మీద సోల్డర్ పట్టదు. వీలైతే తగరం పూత ఉన్న వైరు వేయించండి, అది ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. జాయింటు సోల్డరింగ్ చేసి, లోపల జిగురు ఉండే స్లీవ్ తొడిగి వేడి చేయించండి. టేపు వద్దు. థింబుల్స్ (వైరు చివర్న నొక్కి పెట్టే లోహపు కొసలు) బిగించాక పైన వ్యాజిలిన్ రాయండి.

సాకెట్ నోరు ఆకాశం వైపు కాకుండా పక్కకో కిందికో తిరిగి ఉండాలి. వైరు మాత్రం కింద నుంచి పైకి ఎక్కి సాకెట్‌లోకి వెళ్లాలి. పైనుంచి దిగితే నీళ్లు వైరు పట్టుకుని జారి నేరుగా లోపలికే పోతాయి. కిందికి ఒక వంపు ఇస్తే ఆ చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. ఫోన్ పిన్నుని గరుకు కాగితంతో రుద్దొద్దు, పూత పోతుంది. లోడు దించి ట్రాలీ మంచినీళ్లతో కడిగినప్పుడు సాకెట్ మూత తడిగుడ్డతో తుడవండి, పైపు మాత్రం దాని మీదికి పెట్టకండి.