క్లబ్బులు మారుతూ ఆడబోయే ఫుట్‌బాల్ స్ట్రైకర్‌కు

బాబూ,

రెండో క్లబ్బుకు వెళ్తున్నావు. ఇది అక్కడితో ఆగేది కాదు. గోల్స్ పడితే పెద్ద క్లబ్బు పిలుస్తుంది, పడకపోతే ఉన్న క్లబ్బే పంపించేస్తుంది, స్ట్రైకర్ పని అలాంటిది. ఉరుగ్వేకి చెందిన సెబాస్టియన్ అబ్రేయు 30కి పైగా క్లబ్బులకు ఆడాడు. నికోలా అనెల్కా పారిస్, లండన్, మాడ్రిడ్, ఇస్తాంబుల్ అన్నీ తిరిగి, 2008-09లో చెల్సీ తరఫున 19 గోల్స్‌తో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. కాబట్టి తిరగడం గురించి బెంగపడకు.

తిరిగేవాడికి అసలు కష్టం వేరే ఉంది. బంతి అందించేది ఇద్దరు ముగ్గురే. నువ్వు ఎప్పుడు కదులుతావో, ఎటు కదులుతావో వెళ్లిన ప్రతి చోటా వాళ్లకి మళ్లీ మొదటి నుంచి అలవాటు చేయాలి. దానికి నీకు దొరికేది మహా అయితే 6 వారాలు. ఆ తర్వాత కోచ్ కళ్లు బెంచీ వైపు వెళ్తాయి. కింద రాసేదంతా ఆ 6 వారాలను కాపాడుకోవడం గురించే.

సంతకానికి ముందు ఆ జట్టు ఆడిన చివరి 5 మ్యాచ్‌లు పూర్తిగా చూడు. హైలైట్స్ చూస్తే గోల్స్ కనిపిస్తాయి కానీ, బంతి రాక స్ట్రైకర్ ఖాళీగా నిలబడిన 70 నిమిషాలు కనిపించవు. వింగర్లు, అంటే మైదానం అంచుల వెంట ఆడేవాళ్లు, గీత దాకా వెళ్లి క్రాస్ చేస్తున్నారా (గోల్ ముందుకి బంతి పంపుతున్నారా), లోపలికి దూసుకొచ్చి తామే షాట్ కొడుతున్నారా? ముందు ఆడేది ఒకడా, ఇద్దరా? నిన్ను అడిగింది కోచా, ఆటగాళ్లని ఎంచి తెచ్చే స్పోర్టింగ్ డైరెక్టరా? కోచ్ ఒక్కడే పట్టుబట్టి తెచ్చుకుంటే, అతను పోయిన రోజున నీ స్థానం కూడా ఊగుతుంది.

కాంట్రాక్టులో జీతం అంకె అందరూ చూస్తారు. నువ్వు దాని చుట్టూ ఉన్నది చదువు. ఆ మొత్తం పన్ను పోగానా, పన్నుతో కలిపా? ఏ కరెన్సీలో, ఏ తేదీన? రెండు భాషల్లో ఉంటే ఏ భాషది చెల్లుతుంది? గోల్ బోనస్‌లో పెనాల్టీలు, కప్ మ్యాచ్‌లు లెక్కలోకి వస్తాయా? "20 మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడితే" అని షరతు పెడితే 19 దగ్గర నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టే వీలు క్లబ్బుకి ఉంటుంది. అందుకే బోనస్ మెట్లుగా అడుగు, 10కి కొంత, 15కి కొంత. జీతంలో సగం ఇమేజ్ హక్కుల (నీ పేరు, ఫొటో వాడుకునే హక్కుల) పేరుతో వేరే కాగితం మీద ఇస్తామంటే జాగ్రత్త, గొడవ వచ్చినప్పుడు ఆ సగం కోసం పోరాడటం చాలా కష్టం.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాలు కొన్ని నోటికి వచ్చి ఉండాలి. వైద్య పరీక్ష పాసైతేనే, వర్క్ పర్మిట్ వస్తేనే ఒప్పందం చెల్లుతుందని క్లబ్బు షరతు పెట్టకూడదు. అందుకే తెలిసిన క్లబ్బులు సంతకానికి ముందే పరీక్షలు చేయిస్తాయి. నువ్వూ ఆ వరసలోనే వెళ్లు. ఉన్న కాంట్రాక్టులో 6 నెలలు మాత్రమే మిగిలితే కొత్త క్లబ్బుతో ముందుగా ఒప్పందం చేసుకోవచ్చు. ఒక సీజన్‌లో గరిష్ఠంగా 3 క్లబ్బుల్లో రిజిస్టర్ కావచ్చు, కానీ అధికారిక మ్యాచ్‌లు మామూలుగా 2 క్లబ్బులకే ఆడగలవు. ఆగస్టులో ఒకచోట 10 నిమిషాలు ఆడి, తర్వాత లోన్ మీద (తాత్కాలికంగా) ఇంకోచోటికి వెళ్లి ఆడితే, జనవరిలో మూడో క్లబ్బు తలుపు మూసుకుపోయినట్టే. ఆ 10 నిమిషాల ఖరీదు ముందే లెక్క వేసుకో.

జీతం ఆగితే సర్దుకుపోవద్దు. 2 నెలల జీతం బాకీ పడ్డాక, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువు పెట్టాలి. అప్పటికీ ఇవ్వకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు నీది. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. కోపంతో ప్రాక్టీసు మానేసి ఇంటికి వెళ్లిపోతే తప్పు క్లబ్బు మీద నుంచి నీ మీదకి మారుతుంది. నోటీసు ఇచ్చాక కూడా రోజూ ప్రాక్టీసుకి వెళ్లు. ఫిఫా ముందు ఫిర్యాదు పెట్టడానికి గడువు 2 ఏళ్లు.

ఒక ఏడాది కాంట్రాక్టు అంటే గాయం తగిలినా అది అయిపోతుందన్న మాట. స్వీడన్ స్ట్రైకర్ ఇబ్రహిమోవిచ్ 2017 ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. జూన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ వదిలేసింది, ఆగస్టులో మళ్లీ తీసుకుంది. ఆ పేరుంది కాబట్టి తీసుకుంది. నీకు మాత్రం గాయమైతే చికిత్స ఖర్చు ఎవరిది, జీతం ఎన్ని నెలలు వస్తుంది అన్నది కాగితం మీద ఉండాలి.

ఇక మైదానం. మొదటి రోజే వాళ్ల భాషలో 10 మాటలు పట్టేయ్. వెనక మనిషి, తిరుగు, వదిలెయ్, ఒక్క టచ్, దగ్గర పోస్ట్ (బంతి వైపున్న గోల్ స్తంభం), దూరపు పోస్ట్, టైముంది, ఇలాంటివి. భోజనం అడగడం తర్వాత నేర్చుకోవచ్చు. "వెనక మనిషి" అన్న అరుపు అర్థం కాకపోతే మడమ మీద దెబ్బ ఖాయం.

రెండో రోజు నుంచి ప్రాక్టీసు అయ్యాక 15, 20 నిమిషాలు ఇద్దరు వింగర్లనీ ఆపుకో. ఒక్కో వైపు నుంచి 10 క్రాస్‌లు, 5 కట్‌బ్యాక్‌లు (గోల్ గీత దగ్గర నుంచి వెనక్కి ఇచ్చే పాస్‌లు), అంతే. ఉత్సాహంగా 100 షాట్లు కొట్టేవాళ్లకి మూడో వారంలో గజ్జల కండరం పట్టేస్తుంది, అలసిన కాలితో కొట్టిన షాట్ తప్పుడు అలవాటుగా మిగులుతుంది. ఈ 30 బంతులూ నీకంటే వాళ్లకే ఎక్కువ అవసరం, నీ కదలిక వాళ్లు చదవాలి.

కదలిక ఇలా ఉండాలి. సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాసే డిఫెండర్) భుజం వెనక, అతనికి బంతీ నువ్వూ ఒకేసారి కనిపించని చోట నిలబడు. వింగర్ బంతిని సర్దుకుంటూ ఆఖరి టచ్ వేస్తాడు చూడు, తల ఎత్తడానికి ముందు వేసే టచ్, అప్పుడే బయల్దేరాలి. దూరపు పోస్ట్ వైపు రెండు నెమ్మది అడుగులు వెయ్, డిఫెండర్ బరువు అటు వాలగానే అతని ముందు నుంచి దగ్గర పోస్ట్‌కి దూసుకెళ్లు. ముందే పరిగెత్తితే గోల్ ముందు ఆగి నిలబడాల్సి వస్తుంది, నిలబడ్డవాడిని కాయడం తేలిక. బంతి గోల్ గీత దాకా వెళ్లిందంటే డిఫెండర్లంతా 5.5 మీటర్ల చిన్న బాక్స్‌లోకి వెనక్కి పడిపోతారు. అప్పుడు నువ్వు వాళ్లతో పోకు. పెనాల్టీ స్పాట్ దగ్గర, 11 మీటర్లలో, గట్టిగా బ్రేక్ వెయ్. బంతి వెనక్కి వస్తుంది, నువ్వు బంతికి వెనకే ఉంటావు కాబట్టి ఆఫ్‌సైడ్ బాధ కూడా లేదు.

ఎవరి పాస్ మీదా ఆధారపడని గోల్ పెనాల్టీ. అది ఏ దేశానికి వెళ్లినా నీతో వస్తుంది. 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఘనా మీద పెనాల్టీ షూటౌట్‌లో ఆఖరి కిక్‌ని అబ్రేయు మధ్యలోకి మెల్లగా ఎత్తి వేశాడు. అలా కొట్టమని నీకు చెప్పను. ఒక మూలను ఎంచుకుని, ఎన్ని అడుగుల పరుగో ఖాయం చేసుకుని, వారానికి 10 కొట్టు. కొత్త చోట మొదటి వారంలోనే పెనాల్టీల జాబితాలో నీ వరస ఎంతో కోచ్‌ని మర్యాదగా అడుగు. మ్యాచ్‌లో బంతి లాక్కుంటే ఒక గోల్ వస్తుందేమో కానీ, పాస్ ఇచ్చేవాడు దూరమవుతాడు.

గోల్స్ ఆగిపోయినప్పుడు గోల్స్ లెక్కపెట్టకు, బాక్స్ లోపల ఎన్ని షాట్లు కొట్టావో లెక్కపెట్టు. షాట్లు వస్తున్నాయంటే షాట్ కొట్టే పద్ధతి జోలికి పోవద్దు, అవే పడతాయి. షాట్లే లేవంటే వీడియో తెచ్చుకుని వింగర్ పక్కన కూర్చో.

ఒంటి సంగతి కొంచెం. వసంతంలో మొదలయ్యే లీగ్ నుంచి శరత్తులో మొదలయ్యే లీగ్‌కి మారితే విశ్రాంతి లేకుండా రెండు సీజన్లు ఆడినట్టవుతుంది. సంతకం చేసేటప్పుడే 2 వారాల సెలవు అడుగు. వేడి దేశానికి వెళ్తే ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. తొడ వెనక కండరాన్ని కాపాడేది పూర్తి వేగంతో పరుగే, వారానికి ఒకటి రెండుసార్లు అది తప్పనివ్వకు. బెంచీ మీద నెల కూర్చుని ఒక్కసారిగా పూర్తి వేగం అందుకున్నవాడికే అది చిరుగుతుంది. కృత్రిమ గడ్డికి వేరే బూట్లు ఉంచుకో. పొడవైన స్టడ్స్ దాంట్లో ఇరుక్కుంటే పాదం ఆగుతుంది, మోకాలు తిరుగుతుంది. స్కాన్‌లు, రిపోర్టులు, వాడే మందుల జాబితా క్లబ్బు దగ్గర వదలకు, ఒక కాపీ నీ దగ్గర ఉండాలి.

మందుల విషయంలో పేరు చూసి మోసపోకు. 2002 శీతాకాల ఒలింపిక్స్‌లో బ్రిటన్ స్కీయర్ ఆలన్ బ్యాక్స్‌టర్ ఇంట్లో వాడే ఇన్‌హేలరే కదా అని అమెరికాలో కొని పీల్చాడు. పేరు ఒకటే, లోపలి మందు వేరు. డోపింగ్ పరీక్షలో అది బయటపడి కాంస్య పతకం పోయింది. దేశం మారినప్పుడల్లా జలుబు మందు కూడా టీమ్ డాక్టర్‌కి చూపించాకే వేసుకో.

వెళ్లిపోయేటప్పుడు "బాకీలు లేవు" అన్న కాగితం నీ ముందు పెట్టి తొందరపెడతారు, విమానం టైమవుతోంది అంటారు. ఆఖరి జీతం, బోనస్ బ్యాంకులో పడ్డాకే దాని మీద సంతకం పెట్టు. పన్ను కట్టినట్టు రసీదు, వైద్య ఫైలు తీసుకుని సంచిలో పెట్టుకున్నాకే విమానం ఎక్కు.

ఆశీస్సులతో,
నీ పెద్దన్న